డేటాబేస్‌లో "ఎప్పటి నుంచి ఎప్పటి దాకా": తేదీల వ్యవధుల్ని తప్పుల్లేకుండా నడపడం ఎలా

"నెల రిపోర్టులో 31వ తేదీ అమ్మకాలు దాదాపు మాయమైపోతున్నాయి." "చెక్ చేశాకే ఇన్సర్ట్ చేశాం, అయినా 204వ గది ఒకే రాత్రికి ఇద్దరికి బుక్ అయింది." "మే 1 తెల్లవారుజామున వచ్చిన డబ్బు ఏప్రిల్ లెక్కలో ఎలా పడింది?" డేటాబేస్‌తో పనిచేసేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. మూడూ వేర్వేరు గొడవల్లా కనిపిస్తాయి గానీ, వ్యవధి సరిగ్గా ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో టేబుల్ కట్టిన రోజే తేల్చుకుని, ఆ మాటను డేటాబేస్‌తోనే కాపలా కాయిస్తే మూడూ పోతాయి.

చిక్కంతా "దాకా" అన్న మాటలో ఉంది. "ఆరో తేదీ దాకా ఉంటాం" అని కస్టమర్ అంటే, ఆరో తేదీ రాత్రి కూడా పడుకుంటాడా, ఆ పొద్దున్నే ఖాళీ చేస్తాడా? కౌంటర్ దగ్గరున్న మనిషి ఎదురడిగి తెలుసుకుంటాడు. డేటాబేస్ అడగదు, మీరు రాసిన పోలిక గుర్తును బట్టి పోతుంది.

ఇక్కడ ఉదాహరణగా ఒక లాడ్జి బుకింగుల టేబుల్ తీసుకుందాం. కాలమ్‌లు ఐదు: ఐడి (ప్రతి బుకింగ్‌కు ఒక నంబరు), గది, రాక, పోక, స్థితి. కమాండ్‌లు తెలుగు లిపిలో రాశాం. మీరు టైప్ చేసేటప్పుడు సెలెక్ట్, వేర్, అండ్ లాంటి కీవర్డ్‌లను మామూలు ఇంగ్లీషు స్పెల్లింగ్‌తోనే కొట్టండి.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- అసలు డేటాకు ఒక టెస్ట్ కాపీ. కన్‌స్ట్రెయింట్‌లు (తప్పు డేటాను లోపలికి రానివ్వని నియమాలు) పెట్టేటప్పుడు పాత డేటాలోని తప్పులు బయటపడతాయి, నేరుగా లైవ్ మీద మొదలుపెట్టకండి.
- మీ డేటాబేస్ వెర్షన్. పోస్ట్‌గ్రెస్‌లో రేంజ్ టైపులు (మొదలు, చివర రెండింటినీ ఒకే విలువగా దాచుకునేవి) 9.2 నుంచి ఉన్నాయి. మైఎస్‌క్యూఎల్ అయితే కనీసం 8.0.16 ఉండాలి. అంతకు ముందు వెర్షన్లు చెక్ కన్‌స్ట్రెయింట్ రాస్తే ఎర్రర్ ఇవ్వకుండా తీసుకుని, అమలు మాత్రం చేసేవి కావు.
- ప్రతి తేదీ కాలమ్ టైపు ఏంటో: ఒట్టి తేదీనా, టైమ్ కూడా ఉందా. పేరు చూసి నమ్మొద్దు. ఒరాకిల్‌లో "డేట్" అనే టైపులో గంటలు, నిమిషాలు, సెకన్లు కూడా ఉంటాయి.
- సర్వర్ టైమ్‌జోన్, మీ కనెక్షన్ టైమ్‌జోన్. రెండూ ఒకటే కానక్కర్లేదు.

1. "దాకా" అంటే ఏంటో ఒక్కసారే తేల్చండి

మొదలు కలుపుకోవాలి, చివర కలుపుకోకూడదు. అన్ని టేబుళ్లలో, అన్ని క్వెరీల్లో ఇదే పద్ధతి పెట్టుకోండి. రాక 2025-05-03, పోక 2025-05-06 అంటే 3, 4, 5 రాత్రులు ఆ గది వాళ్లది. 6వ తేదీ రాత్రికి గది ఖాళీ.

ఇలా రాస్తే మూడు లాభాలు. పోకలోంచి రాక తీసేస్తే రాత్రుల సంఖ్య వచ్చేస్తుంది, ఒకటి కలపాలా వద్దా అన్న అనుమానం ఉండదు. ఒకరి పోక, తర్వాతి వాళ్ల రాక ఒకే తేదీ అయినా గొడవ కాదు. రేపు తేదీ బదులు టైమ్ పెట్టాల్సి వచ్చినా క్వెరీలు మారవు.

సెలవు దరఖాస్తుల్లాంటి చోట్ల జనం "5 నుంచి 7 వరకు" అని మూడు రోజులు కలిపే రాస్తారు. స్క్రీన్ మీద అలాగే చూపించండి. టేబుల్లోకి వెళ్లేటప్పుడు మాత్రం చివరికి ఒక రోజు కలిపి 8 అని దాచండి, చూపించేటప్పుడు ఒక రోజు తగ్గించండి. ఈ కలపడం, తీయడం ప్రోగ్రామ్‌లో ఒకే చోట జరగాలి. నాలుగు చోట్ల రాశారంటే ఏదో ఒక చోట రెండుసార్లు కలుస్తుంది.

2. తేదీ సరిపోతుందా, టైమ్ కావాలా చూడండి

రాత్రుల లెక్కన అద్దె తీసుకునే లాడ్జికి ఒట్టి తేదీ చాలు. దిగిన గంట నుంచి 24 గంటల లెక్క నడిపే లాడ్జికి చాలదు, టైమ్ ఉన్న టైపు తీసుకోవాలి.

కల్యాణ మండపాల బుకింగ్ రాసేవాళ్లు ఇంకో జాగ్రత్త పడాలి. శుభలేఖలో "14వ తేదీ రాత్రి 2 గంటల 37 నిమిషాలకు, తెల్లవారితే 15" అని ఉంటుంది. మన వాడుకలో అది ఇంకా 14 రాత్రే, డేటాబేస్‌కు మాత్రం అది 15వ తేదీ 02:37. క్లర్కు శుభలేఖ చూసి 14 అని, 02:37 అని కొడితే ముహూర్తం సరిగ్గా 24 గంటలు వెనక్కి పోతుంది, మండపం వేరే రాత్రికి బుక్ అవుతుంది. స్క్రీన్ మీద అర్ధరాత్రి దాటిన టైమ్ కొడితే పక్కనే "తెల్లవారితే ఏ రోజు" అన్నది వారం పేరుతో సహా చూపించండి. అడిగి ఖాయం చేసుకున్నాకే సేవ్ చేయండి.

తేదీని అక్షరాల కాలమ్‌లో ఎప్పుడూ దాచకండి. "03-12-2024" అని అక్షరాల్లో దాస్తే పోలికలు ఎడమ నుంచి అక్షరం అక్షరం జరుగుతాయి, "10-01-2024" కంటే అది ముందొచ్చేస్తుంది. ఇప్పటికే అలా ఉన్న టేబుల్ మీ నెత్తిన పడితే, అసలైన డేట్ కాలమ్ కొత్తగా చేర్చి, మార్చి నింపి, మారని వరుసలను విడిగా బయటకు తీసి చేత్తో సరిచూడండి.

తేదీని క్వెరీలో రాసేటప్పుడు సంవత్సరం-నెల-రోజు వరుసే వాడండి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఇది కూడా పూర్తిగా చాలదు: పాత డేట్‌టైమ్ టైపుకు, లాగిన్ భాష బ్రిటిష్ పద్ధతిలో ఉంటే, '2024-05-04' అన్నది మే 4 కాకుండా ఏప్రిల్ 5 అయిపోతుంది. గీతలు లేకుండా '20240504' అని రాస్తే ఏ సెట్టింగులోనూ మారదు. ఇంకా మంచిది, తేదీని పారామీటర్‌గా (క్వెరీ అక్షరాల్లో కలపకుండా విడి విలువగా) పంపడం.

3. తప్పు వరుస లోపలికి రాకుండా కాపలా పెట్టండి

రాక, పోక రెండూ ఖాళీగా వదలడానికి వీల్లేకుండా నాట్ నల్ పెట్టండి. తర్వాత ఈ ఒక్క లైను:

చెక్ (రాక < పోక)

ఇక్కడ <= రాయకండి. రాక, పోక ఒకటే అయితే మన లెక్కలో ఆ వ్యవధి సున్నా రాత్రులు. పోస్ట్‌గ్రెస్‌లో అలాంటి వ్యవధిని ఖాళీ రేంజ్‌గా తీసుకుంటుంది, ఖాళీ రేంజ్ దేనితోనూ ఢీకొనదు. అంటే 7వ స్టెప్‌లో పెట్టబోయే కాపలాను అది తాపీగా దాటేస్తుంది.

4. నెల, సంవత్సరం ఫిల్టర్ ఇలా రాయండి

ఎక్కువ మంది పడే గుంట ఇదే. 2024-25 ఆర్థిక సంవత్సరం లావాదేవీలు కావాలని ఇలా రాస్తారు:

వేర్ టైమ్ బిట్వీన్ '2024-04-01' అండ్ '2025-03-31'

కాలమ్‌లో టైమ్ ఉంటే '2025-03-31' అంటే ఆ రోజు అర్ధరాత్రి 00:00:00. ఆ క్షణం తర్వాత మార్చి 31న జరిగిందంతా పోయినట్టే. మన దగ్గర ఆర్థిక సంవత్సరం చివరి రోజున లావాదేవీలు ఎంత పోటెత్తుతాయో తెలిసిందే.

దీన్ని సరిచేద్దామని చాలామంది చివర 23:59:59 తగిలిస్తారు. అప్పుడు 23:59:59.4 దగ్గర పడ్డ వరుస పోతుంది. సరే అని 23:59:59.999 చేస్తే ఎస్‌క్యూఎల్ సర్వర్ పాత డేట్‌టైమ్ టైపు దాన్ని దగ్గరి విలువకు సవరించి ఏప్రిల్ 1, 00:00:00 చేసేస్తుంది, మరుసటి రోజు మొదటి క్షణం లావాదేవీలు ఈ సంవత్సరంలోకి వచ్చేస్తాయి. చివరి క్షణం ఏదో పట్టుకోవాలని చూడకండి. దాని అవసరమే లేదు:

వేర్ టైమ్ >= '2024-04-01' అండ్ టైమ్ < '2025-04-01'

ఫిబ్రవరికి 28 రోజులా 29 రోజులా అని కూడా చూసుకోనక్కర్లేదు, మార్చి 1 కంటే తక్కువ అంటే చాలు.

ఇంకో అలవాటు: కాలమ్‌ను ఫంక్షన్‌లో చుట్టడం. ఇయర్(టైమ్) = 2024 అనో, డేట్(టైమ్) = '2024-05-04' అనో రాస్తే జవాబు సరైనదే వస్తుంది గానీ, టైమ్ కాలమ్ మీద ఉన్న మామూలు ఇండెక్స్ (త్వరగా వెతకడానికి పెట్టే సూచిక) సాధారణంగా పనికిరాకుండా పోతుంది. కాలమ్‌ను ఒంటరిగా వదిలేసి, లెక్కలన్నీ గుర్తుకు అటువైపు చేయండి. క్వెరీ ఎలా నడుస్తుందో చూపే ఎక్స్‌ప్లెయిన్ పెట్టి ముందూ వెనకా చూస్తే తేడా కనబడుతుంది.

5. సర్వర్ గడియారం ఏ దేశానిదో చూడండి

క్లౌడ్ సర్వర్లు చాలావరకు యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక టైమ్) నడుస్తాయి. మన టైమ్ దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందు. మే 1 తెల్లవారుజాము 4 గంటలకు వచ్చిన బుకింగ్ యూటీసీలో ఏప్రిల్ 30, 22:30. తేదీ మాత్రమే తీసుకుని నెలలుగా కూడితే అది ఏప్రిల్‌లో పడుతుంది. మన మే నెల యూటీసీలో ఏప్రిల్ 30, 18:30 దగ్గర మొదలై మే 31, 18:30 దగ్గర ముగుస్తుంది. ఫిల్టర్ హద్దులు అలా పెట్టండి, లేదా టైమ్‌జోన్ తెలిసిన టైపు వాడి హద్దులను 'ఏషియా/కోల్‌కతా' పేరుతో మార్చించండి.

చెక్ చేయడం సులువు. టెస్ట్ టేబుల్లో మే 1 మన టైమ్ 00:00, 05:29, 05:30 దగ్గర మూడు వరుసలు వేయండి. మే రిపోర్టులో మూడూ రావాలి. ఒక్కటే వస్తే మీ ఫిల్టర్ ఇంకా యూటీసీలోనే ఉంది.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కస్టమర్లకు కూడా రోజువారీ లెక్క ఇవ్వాల్సి వస్తే, "ఒక రోజు = 24 గంటలు" అని కలపకండి. అమెరికాలో గడియారాలు మార్చిన 2025 మార్చి 9కి 23 గంటలే, నవంబర్ 2కి 25 గంటలు. ఆ ఊరి టైమ్‌జోన్‌లో ఒక రోజు కలిపి, తర్వాత యూటీసీకి మార్చుకోవాలి.

ఒట్టి తేదీ కాలమ్‌లకు ఈ మార్పిడి వద్దే వద్దు. పుట్టినరోజు, చెకిన్ తేదీ లాంటివి టైమ్‌జోన్‌లో వేసి తిప్పితే ఒక రోజు వెనక్కి జారిపోతాయి.

6. రెండు వ్యవధులు ఢీకొంటున్నాయా? ఒక్క లైను చాలు

కొత్త బుకింగ్ 4 నుంచి 7 దాకా అడిగారు. పాతవాటిలో దేనికి అడ్డం వస్తుంది?

వేర్ గది = 204 అండ్ రాక < '2025-05-07' అండ్ పోక > '2025-05-04'

పాతదాని రాక కొత్తదాని పోక కంటే ముందు, పాతదాని పోక కొత్తదాని రాక కంటే తర్వాత. అంతే. నమ్మకం కుదరకపోతే తిప్పి ఆలోచించండి: ఢీకొనకుండా ఉండటానికి రెండే దారులు, పాతది పూర్తిగా ముందే అయిపోవాలి, లేదా పూర్తిగా తర్వాత మొదలవ్వాలి. ఆ రెండూ కాకపోతే ఢీకొన్నట్టే.

ఇది తెలియక "కొత్త రాక పాతదాని మధ్యలో ఉందా, లేక కొత్త పోక పాతదాని మధ్యలో ఉందా" అని రెండు ముక్కలుగా రాస్తుంటారు. 4 నుంచి 5 దాకా ఉన్న చిన్న బుకింగ్‌ను 1 నుంచి 8 దాకా అడిగే పెద్ద బుకింగ్ మింగేస్తే ఆ రెండు షరతులూ నిజం కావు, డబుల్ బుకింగ్ జరిగిపోతుంది.

ఖాళీ గదుల జాబితా కావాలంటే గదుల టేబుల్ మీద, పై షరతుతో "నాట్ ఎగ్జిస్ట్స్" పెట్టండి. "నాట్ ఇన్" వద్దు. లోపలి క్వెరీలో ఒక్క గది నంబరు నల్ అయినా ఒక్క గదీ ఖాళీ లేదని వస్తుంది.

టేబుల్ పెద్దదైతే గది, రాక, పోక మీద ఇండెక్స్ వేసినా ఊహించినంత వేగం రాదు. పాత చరిత్ర మొత్తానికీ "రాక < 7" నిజమే కదా, ఇండెక్స్ అదంతా తిరగాల్సిందే. మీ లాడ్జిలో ఎవరూ 30 రాత్రులకు మించి ఉండరన్న నియమం ఉంటే, దాన్ని చెక్‌గా పెట్టి, క్వెరీలో "రాక >= కొత్త రాకకు 30 రోజుల ముందు" అని ఇంకో షరతు చేర్చండి. వెతకాల్సిన భాగం ఒకటి రెండు నెలలకు కుదించుకుపోతుంది. ఆ చెక్ లేకుండా క్వెరీలో మాత్రం ఈ షరతు పెట్టకండి, 40 రాత్రుల బుకింగ్ ఒకటి వచ్చిన రోజున అది కనబడకుండా పోతుంది.

7. డబుల్ బుకింగ్‌ను డేటాబేస్‌తోనే ఆపించండి

"చెక్ చేశాకే ఇన్సర్ట్ చేశాం" అన్నవాళ్ల ప్రోగ్రామ్‌లో తప్పు ఉండకపోవచ్చు. ఇద్దరు క్లర్కులు ఒకే క్షణంలో చెక్ చేస్తారు, ఇద్దరికీ ఖాళీ అనే జవాబొస్తుంది, ఇద్దరూ ఇన్సర్ట్ చేస్తారు. చెక్‌కూ ఇన్సర్ట్‌కూ మధ్య సందు ఉన్నంత కాలం ఇది ఎప్పుడో ఒకప్పుడు జరుగుతుంది, అదీ సీజన్ రోజునే.

*పోస్ట్‌గ్రెస్ అయితే:* ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్ (ఒకదానితో ఒకటి ఢీకొనే రెండు వరుసల్ని ఉండనివ్వని నియమం) పెట్టండి. ముందు బీట్రీ_జిస్ట్ ఎక్స్‌టెన్షన్ వేయాలి, తర్వాత:

ఆల్టర్ టేబుల్ బుకింగులు యాడ్ కన్‌స్ట్రెయింట్ ఒక_గది_ఒకరికే
ఎక్స్‌క్లూడ్ యూజింగ్ జిస్ట్ (గది విత్ =, డేట్‌రేంజ్(రాక, పోక) విత్ &&)
వేర్ (స్థితి <> 'రద్దు');

డేట్‌రేంజ్‌కు రెండే విలువలిస్తే మొదలు కలుపుకుని, చివర వదిలేస్తుంది, మన పద్ధతే. ఇక్కడ స్థితి కాలమ్‌కు నాట్ నల్ తప్పనిసరి. స్థితి నల్ అయిన వరుసకు ఆ వేర్ షరతు నిజం కాదు, కాబట్టి కాపలా కిందికే రాదు.

పాత డేటాలో ఢీకొన్న బుకింగులుంటే కన్‌స్ట్రెయింట్ పెట్టనివ్వదు. ముందు టేబుల్‌ను దానితోనే జాయిన్ చేసి, గది ఒకటే, మొదటి ఐడి రెండో ఐడి కంటే తక్కువ, 6వ స్టెప్ షరతు, రెండూ రద్దు కానివి అని వెతికి జంటలను బయటకు తీయండి. కన్‌స్ట్రెయింట్ చేర్చేంత సేపు టేబుల్ లాక్ అవుతుంది, రద్దీ లేని వేళ చూసుకోండి. పోస్ట్‌గ్రెస్ 18లో ఇదే పనికి ప్రైమరీ కీ, యూనిక్‌లలోనే "వితౌట్ ఓవర్‌ల్యాప్స్" అని రాసుకోవచ్చు, కానీ రద్దయినవాటిని వదిలేసే వేర్ షరతు కావాలంటే పైన చెప్పిన పద్ధతే పట్టుకోండి.

*ఏ డేటాబేస్ అయినా, రాత్రుల లెక్క అయితే:* గది, రాత్రి, బుకింగ్ ఐడి కాలమ్‌లతో ఇంకో టేబుల్ పెట్టి, గది-రాత్రి జంటకు యూనిక్ కీ ఇవ్వండి. 3 నుంచి 6 దాకా బుకింగ్‌కు 3, 4, 5 తేదీల మూడు వరుసలు. బుకింగ్, ఈ మూడు వరుసలు ఒకే ట్రాన్సాక్షన్‌లో (అన్నీ పడతాయి, లేదంటే ఏదీ పడదు) పడాలి. రెండోవాడు వస్తే యూనిక్ ఎర్రర్ వచ్చి మొత్తం వెనక్కి పోతుంది. రద్దయితే ఈ వరుసలు తీసేయాలి. 50 గదులు ఏడాదంతా నిండినా 18,250 వరుసలే, డేటాబేస్‌కు అదొక లెక్క కాదు. చిన్న లాడ్జికి మేం మొదట సూచించేది ఇదే: కొత్తగా చేరిన ప్రోగ్రామర్‌కు కూడా చూడగానే అర్థమవుతుంది. వరుసలు ఎప్పుడూ తేదీల క్రమంలోనే వేయండి, లేకపోతే రెండు ట్రాన్సాక్షన్లు ఒకదాని కోసం ఒకటి ఆగి డెడ్‌లాక్ అవుతాయి.

*మైఎస్‌క్యూఎల్‌లో టైమ్‌తో కూడిన వ్యవధులైతే:* ట్రాన్సాక్షన్ మొదలుపెట్టగానే గదుల టేబుల్లో ఆ గది వరుసను "సెలెక్ట్... ఫర్ అప్‌డేట్"తో పట్టుకోండి, తర్వాత ఢీకొనడం చెక్ చేయండి, ఆపై ఇన్సర్ట్, కమిట్ (ఖాయం చేయడం). లాక్ పట్టుకోవడమే ట్రాన్సాక్షన్‌లో మొట్టమొదటి పని కావాలి. దానికి ముందు మామూలు సెలెక్ట్ ఒకటి నడిపారంటే, డిఫాల్ట్ ఐసొలేషన్‌లో (ఒక ట్రాన్సాక్షన్ మార్పులు ఇంకోదానికి ఎప్పుడు కనబడాలో చెప్పే సెట్టింగు) అప్పటి చిత్రమే తర్వాతి మామూలు సెలెక్ట్‌లకూ కనబడుతుంది, లాక్ దొరికేలోపు అవతలివాడు వేసిన బుకింగ్ మీకు కనబడదు. బుకింగ్ వేసే ప్రతి దారీ, అంటే వెబ్‌సైట్, కౌంటర్, ఎక్సెల్ అప్‌లోడ్, ఈ లాక్ పట్టుకునే వెళ్లాలి.

8. ఇంకా ముగియని వ్యవధులు

గది అద్దె రేట్లు, ఉద్యోగి హోదా, ఊరు ఏ జిల్లాలో ఉందన్నది: ఇవన్నీ "ఇప్పటిదాకా నడుస్తున్న" వ్యవధులు. ములుగునే చూడండి:

- 1956-11-01 నుంచి 2014-06-02: ఆంధ్రప్రదేశ్, వరంగల్ జిల్లా
- 2014-06-02 నుంచి 2016-10-11: తెలంగాణ, వరంగల్ జిల్లా
- 2016-10-11 నుంచి 2019-02-17: తెలంగాణ, జయశంకర్ భూపాలపల్లి జిల్లా
- 2019-02-17 నుంచి నల్: తెలంగాణ, ములుగు జిల్లా

ఒకదాని చివర, తర్వాతిదాని మొదలు ఒకే తేదీ, మధ్యలో సందు లేదు. 2016 అక్టోబర్ 11న రిజిస్టరైన కాగితం ఏ జిల్లాదో అడిగితే జవాబు ఒక్కటే రావాలి:

వేర్ మొదలు <= '2016-10-11' అండ్ (చివర > '2016-10-11' ఆర్ చివర ఈజ్ నల్)

ఆ బ్రాకెట్లు మరిచిపోతే ఆర్ మిగతా షరతులన్నింటినీ దాటేసి, ఏ ఊరిదైనా నడుస్తున్న వరుసలన్నీ వచ్చేస్తాయి. "ఈజ్ నల్" ముక్కే మరిచిపోతే ఈ రోజు తేదీకి ఏమీ దొరకదు.

నల్ బదులు 9999-12-31 పెట్టేవాళ్లూ ఉన్నారు. క్వెరీ చిన్నదవుతుంది, అది నిజమే. కానీ దానికి ఒక రోజు కలపబోతే ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎర్రర్ ఇస్తుంది, "ఎన్ని రోజులు ఉన్నాడు" అన్న సగటు లక్షల్లోకి పోతుంది. ఏదో ఒకటి ఎంచుకోండి, ఒకే టేబుల్లో రెండూ కలపకండి.

9. నెలలవారీగా విడగొట్టడం

ఏప్రిల్ 29 నుంచి మే 3 దాకా ఉన్న బుకింగ్‌లో ఏప్రిల్‌కు ఎన్ని రాత్రులు, మేకు ఎన్ని? రాక, నెల మొదలు వీటిలో తర్వాతది తీసుకోండి, పోక, వచ్చే నెల మొదలు వీటిలో ముందుది తీసుకోండి, తీసివేయండి. ఏప్రిల్‌కు మే 1 లోంచి ఏప్రిల్ 29 పోతే 2, మేకు మే 3 లోంచి మే 1 పోతే 2. మొత్తం 4, అసలు బుకింగ్‌కు సరిపోయింది. ప్రతి నెలా ఈ కూడిక సరిపోతోందో లేదో చూడటమే దీనికి పరీక్ష.

దీనికి గ్రేటెస్ట్, లీస్ట్ ఫంక్షన్లు వాడతారు. చివర నల్ అయితే పోస్ట్‌గ్రెస్ దాన్ని వదిలేసి మిగతాదాన్ని ఇస్తుంది, మైఎస్‌క్యూఎల్, ఒరాకిల్ మాత్రం నల్ ఇస్తాయి, ఆ వరుస లెక్కలోంచి చప్పుడు లేకుండా జారిపోతుంది.

మైఎస్‌క్యూఎల్‌లో రెండు తేదీల మధ్య మైనస్ గుర్తు పెట్టకండి. 20250503 లోంచి 20250429 తీసేసి 74 అంటుంది! డేట్‌డిఫ్ వాడండి. అక్కడ పోక ముందు, రాక తర్వాత రాయాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్ డేట్‌డిఫ్‌లో వరుస తిరగబడుతుంది, పైగా అది దాటిన అర్ధరాత్రులనే లెక్కపెడుతుంది: రాత్రి 23:59 నుంచి 00:01 దాకా రెండు నిమిషాలైనా ఒక రోజు అంటుంది.

నెలనెలా కట్టే వాయిదాల తేదీలు వేస్తుంటే, కిందటి వాయిదాకు ఒక నెల కలుపుతూ పోకండి. పోస్ట్‌గ్రెస్‌లో 2025-01-31కి ఒక నెల కలిపితే 2025-02-28, దానికి ఇంకో నెల కలిపితే 2025-03-28, ఇక 31 మళ్లీ రాదు. ఎప్పుడూ మొదటి తేదీకే 1, 2, 3 నెలలు కలపండి.

10. చెక్ చేయండి

204వ గదికి 2025-05-03 నుంచి 2025-05-06 దాకా ఒక బుకింగ్ వేసి, ఒక్కొక్కటిగా ఇవి ప్రయత్నించండి. అన్నీ మే తేదీలే. పట్టిన బుకింగ్‌ను తీసేసి తర్వాతదానికి వెళ్లండి.

- 1 నుంచి 3: పట్టాలి
- 6 నుంచి 8: పట్టాలి
- 8 నుంచి 10: పట్టాలి
- 1 నుంచి 4: ఆగాలి
- 5 నుంచి 8: ఆగాలి
- 4 నుంచి 5: ఆగాలి
- 1 నుంచి 8: ఆగాలి
- 3 నుంచి 6: ఆగాలి
- 4 నుంచి 4: చెక్ దగ్గరే ఆగాలి
- 6 నుంచి 3: చెక్ దగ్గరే ఆగాలి

మొదటి రెండూ ఆగిపోతే ఎక్కడో < బదులు <= పడింది. "1 నుంచి 8" ఒక్కటే పట్టేస్తే మీ దగ్గర ఆ రెండు ముక్కల పాత షరతు ఇంకా మిగిలి ఉంది.

తర్వాత రెండు విండోలు తెరిచి, రెండింటిలోనూ ట్రాన్సాక్షన్ మొదలుపెట్టండి. మొదటిదాంట్లో 205వ గదికి బుకింగ్ వేసి కమిట్ చేయకుండా వదిలేయండి, రెండోదాంట్లో అదే గది, అవే తేదీలు వేయండి. రెండోది ఆగి ఎదురుచూడాలి. మొదటిది కమిట్ చేయగానే రెండోదానికి ఎర్రర్ రావాలి, లాక్ పద్ధతిలో అయితే ఖాళీ లేదన్న జవాబు రావాలి. పోస్ట్‌గ్రెస్ ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్ అయితే ఎర్రర్ కోడ్ 23పీ01. ప్రోగ్రామ్ ఆ కోడ్‌ను పట్టుకుని, "ఈ గది ఇప్పుడే వేరేవాళ్లు తీసుకున్నారు, ఇంకోటి చూడండి" అని చూపించాలి. రెండోది ఎదురుచూడకుండా వెంటనే పట్టేస్తే, మీ కాపలా డేటాబేస్‌లో లేదు, ప్రోగ్రామ్‌లోనే ఉండిపోయింది. 7వ స్టెప్‌కు తిరిగి వెళ్లండి.

లైవ్‌లోకి వెళ్లాక కూడా 7వ స్టెప్‌లోని జంటల క్వెరీని రోజూ రాత్రి ఒకసారి నడిచేలా పెట్టండి. సున్నా వరుసలు రావాలి. ఒక్క వరుస వచ్చినా, ఆ రెండు బుకింగులూ ఏ దారిన లోపలికి వచ్చాయో చూసి ఆ దారి మూయండి, గది దొరకని మనిషి సూట్‌కేసుతో కౌంటర్ దగ్గర నిలబడకముందే వాళ్లకు ఫోన్ చేయండి.